కనీస వేతన చట్టము: బ్రిటనులోని దక్షిణాసియా కుట్టుశాలలు

కనీస వేతన చట్టము ఆచరణలో నెట్టి రూపము దాల్చునో తెలిసికొనగోరు అర్థశాస్త్రజ్ఞులకు, లెస్టరు, బర్మింగుహాము, స్మెథిక్ పట్టణములందు దక్షిణాసియా సంతతివారు నెలకొల్పిన చిన్న కుట్టుశాలలు చిరకాలముగా పరిశీలనాక్షేత్రములై యున్నవి. 1970 దశకాంతపు ఆర్థికమాంద్యమున పోతకర్మాగారములలో ఉపాధి గోల్పోయిన పంజాబీలు కొందరు, బర్మింగుహాము, స్మెథిక్ పట్టణములున్న పశ్చిమ మిడ్లాండ్సులో కుట్టుయంత్రములు కొని యజమానులైరి. 1972లో ఉగాండా పాలకుడు ఈడీ అమీను ఆ దేశమునుండి వెడలగొట్టిన ఆసియావారిలో పలువురు, తమ నగరమునకు రావలదని లెస్టరు నగరపాలకులు ఆ దేశపు పత్రికలోనే ప్రకటన వేయించినను, అచటికే చేరి స్థిరపడిరి; వారిలోను కొందరు అట్టి శాలలు నెలకొల్పిరి.

ఈ వృత్తికి వేతననియంత్రణము క్రొత్తది కాదు. కనీస కూలి నిర్ణయించు బోర్డులను ఏర్పరచిన 1909 నాటి ట్రేడ్ బోర్డుల చట్టము తొలుత వర్తించిన నాలుగు వృత్తులలో దుస్తుల కుట్టుపని యొకటి. ఆ బోర్డుల స్థానమున వెలసిన వేతనమండలులు 1993లో రద్దయ్యెను. పిమ్మట 1998 చట్టము ననుసరించి, 1999 ఏప్రిలు 1 నుండి 22 ఏండ్లు నిండినవారికి గంటకు 3.60 పౌండ్ల కనీస వేతనము అమలులోనికి వచ్చెను.

చట్టము వచ్చినంతనే కూలి పెరుగుననియో, పెంపును భరింపలేని సంస్థలు మూతపడుననియో తలంచినవారి అంచనాలు ఈ కుట్టుశాలల విషయమున పూర్తిగా ఫలింపలేదు. ఇచట కూలి గంటలనుబట్టి గాక, కుట్టిన ఉడుపులనుబట్టి లెక్కింపబడును. వారమునకు నలువది గంటలు కుట్టిన స్త్రీకి ఇరువది గంటలే పనిచేసినట్లు జీతపుచీటీ వ్రాసిన యెడల, చట్టము కాగితముపై సంపూర్ణముగా నెరవేరును. మోండర్ రామ్, పాల్ ఎడ్వర్డ్సు మున్నగు పరిశోధకులు వర్ణించిన ఈ అనధికార వ్యవస్థలో యజమానియు కార్మికురాలును తరచుగా ఒకే బంధువర్గమువారు. ఆంగ్లము రానందున ఆమెకు వేరుచోట పని దొరకదు, బిడ్డలకొరకు నడుమ ఇంటికి పోవుటకు ఇచట అడ్డుచెప్పరు. అట్లని ఆమె నిస్సహాయురాలు మాత్రమే కాదు: ఆర్డర్లు ముమ్మరమైన దినములలో నేర్పరులైన కుట్టుపనివారు రేటు పెంచనిదే యంత్రము త్రొక్కరు.

గంటల లెక్కలేని కూలిని అదుపుచేయుటకు, సగటు పనివాని వేగమును కొలిచి, 2005 ఏప్రిలు నుండి ఆ వేగమున కుట్టువానికి గంటకు కనీస వేతనములో 120 శాతము దక్కునట్లు రేటు కట్టవలెనని నిబంధన చేసిరి. సగటుకంటె మెల్లగా కుట్టువారికిని కనీసము దక్కవలెనని దీని యుద్దేశము. వారమున కొక క్రొత్త నమూనా వచ్చు చిన్నశాలలో ఈ కొలతను ఎవరు, ఎప్పుడు తీయుదురో శాసనకర్తలకే తెలియవలెను.

అసలు కీలకము ధరలో నున్నది. వస్త్రమును, నమూనాను ఇతరులు పంపగా, కత్తిరించి కుట్టి యిచ్చుటయే చాలమంది యజమానుల వ్యాపారము. ఉడుపు కింతయని నిర్ణయించువారు పెద్ద విక్రేతలు, చట్టము పట్టుకొనునది మాత్రము కుట్టించినవానిని. 2005లో అంతర్జాతీయ వస్త్రకోటాలు తొలగి దిగుమతులు పెరిగిన తరువాత ఈ యొత్తిడి తీవ్రమయ్యెను. శీఘ్ర ఫ్యాషను విక్రేతల ఆర్డర్లతో లెస్టరు కొంత పుంజుకొన్నను, కనీస వేతనము 6.50 పౌండ్లుగా నున్న కాలమున అచట అనేకులకు గంటకు సుమారు 3 పౌండ్లే ముట్టుచున్నవని 2015లో లెస్టరు విశ్వవిద్యాలయ నివేదిక తెలిపెను. 2020లో, అట్టి విక్రేతలలో నొకటియైన బూహూ సంస్థకు సరకు కుట్టు శాలలపై వచ్చిన తక్కువ కూలి ఆరోపణలు చాలవరకు నిజమేయని, ఆ సంస్థయే నియమించిన న్యాయవాది ఆలిసన్ లెవిట్ తేల్చెను. తదనంతరము విక్రేతలు ఆర్డర్లను ఇతర దేశములకు మరల్చుకొనగా, ఇరువది యేండ్లుగా చట్టము మూయింపని శాలలు అనేకము మూతపడెను.