విశ్వవిద్యాలయ ద్వారములును మన దౌల్తాబాదు సీమయు

దౌల్తాబాదు అన్నంతనే పరప్రాంతీయులు తుగ్లకు రాజధానియైన దేవగిరి దౌలతాబాదును తలంతురు. మనది అది కాదు. కొడంగలునకు చేరువగా, నేడు వికారాబాదు జిల్లాలో నున్న కందిచేల ఊరు మనది. రాజధానుల చరిత్ర దీనికి లేదు. అయినను ఎన్నడును ఈ సీమను కనులఁ జూడని విశ్వవిద్యాలయ పాలకసభలు దూరమునఁ గూర్చుండి చేసిన నిర్ణయములు మన యిండ్లలోనికిని మన పొలములలోనికిని ప్రవేశించుచునే యున్నవి. ఆ చరిత్రను కులబాంధవుల యెదుటను, మన విద్యార్థినిధికి ధనమొసఁగు పోషకమహాశయుల యెదుటను కొంత విప్పి చెప్పఁదలఁచితిమి.

నిజాము ప్రభుత్వమున 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఫర్మాను వెలువడెను. 1918లో అది స్థాపితమయ్యెను. 1919లో తరగతులు మొదలయ్యెను. దేశభాషలో ఉన్నతవిద్య గఱపవలెనని అక్బరు హైదరీగారు వ్రాసిన విజ్ఞాపనము దీనికి మూలము. ఆ సంకల్పము గొప్పదే. శాస్త్రగ్రంథములను తర్జుమా చేయుటకై ప్రత్యేకముగా నొక అనువాదశాఖనే నెలకొల్పిరి. ఇట్టి సాహసము నాఁడు హిందూదేశమున మఱియే విశ్వవిద్యాలయమును చేయలేదు. కాని వారెన్నుకొన్న దేశభాష ఉర్దూ. సంస్థాన ప్రజలలో అధికసంఖ్యాకులు మాటలాడునది తెలుఁగు. ఇంట తెలుఁగు, బడిలో ఉర్దూ, పైచదువునకు ఉర్దూతోపాటు నిర్బంధముగా ఇంగ్లీషు: ఇన్ని మెట్లెక్కి ఆ ద్వారము చేరిన పల్లెబాలురెందఱు? ప్రవేశనిబంధనలలో ఎవరిని రావలదని వ్రాయలేదు. బోధనభాషను నిర్ణయించుటతోనే ఎవరు రావలెనో నిర్ణయమైపోయినది. ఇది గమనింపఁదగిన రాజనీతి.

అదే నగరమున నిజాము కాలేజీ యుండెను. అది 1887 మొదలు 1947 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు చెంది ఇంగ్లీషున బోధించుచుండెను. కలిగినవారు అటు పోయిరి, లేదా పూనాకును బొంబాయికిని తరలిరి. మన పాలమూరి సీమవారైన బూర్గుల రామకృష్ణారావుగారు పూనా ఫెర్గుసను కళాశాలలో చదివిరి. 1938లో వందేమాతరము పాడిన విద్యార్థులను ఉస్మానియావారు వెడలఁగొట్టఁగా నాగపుర విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొనెను. ఒక పాలకసభ మూసిన తలుపును వేఱొక పాలకసభ తెఱచినది. 1948 పిదప ఉర్దూ బోధన పోయి ఇంగ్లీషు వచ్చెను. తెలుఁగుబిడ్డకు ఒక పరభాషకు మాఱు ఇంకొక పరభాష దొరకెనని కొందఱనిరి. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు.

కులవసతిగృహముల చరిత్రయు ఈ కాలముననే మొదలైనది. కొత్వాలు వేంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలసెను. నగరమునకు వచ్చిన పల్లెపిల్లవానికి కూడు, గుడ్డ, దీపము చూపినఁగాని కళాశాల ద్వారము తెఱచియున్నను ప్రయోజనము లేదని నాఁటి పెద్దలెఱిఁగిరి. మన సంఘమును ఆ బాటనే నడచుచున్నది.

ఇఁక సరిహద్దుల కథ. 1956 వఱకు కొడంగలు, తాండూరు తాలూకాలు గుల్బర్గా జిల్లాలోనివి. రాష్ట్రపునర్విభజనలో ఆ జిల్లా మైసూరునకు పోయినను ఈ రెండు తాలూకాలు మాత్రము విడివడి ఆంధ్రప్రదేశమునఁ గలిసెను. ఆ దినమున సరిహద్దు గీసినవారు మన బిడ్డల కళాశాలప్రవేశమును తలఁచియుండరు. కాని 371-డి అధికరణము ననుసరించి 1974లో రాష్ట్రపతిగారి ఉత్తర్వు వచ్చినప్పుడు రాష్ట్రము మూఁడు విశ్వవిద్యాలయ ప్రాంతములుగా విభక్తమై, నూటికి 85 స్థానములు ఆయా ప్రాంతమువారికే కేటాయింపఁబడెను. దౌల్తాబాదు విద్యార్థి ఉస్మానియా ప్రాంతపువాఁడయ్యెను. సరిహద్దు కావల సేడము, చించోళి తాలూకాలలోని మన చుట్టములకు అట్టి రక్షణ 371-జె అధికరణముతో 2013లోఁగాని రాలేదు. ఒకే కందిపంట, ఒకే నల్లరేగడి, ఒకే పెండ్లిసంబంధములు. నడుమ దాదాపు నలువది యేండ్ల యంతరము! 2014లో రాష్ట్రము విడిపోయినపుడు ప్రవేశముల పూర్వపు ఏర్పాటు పదేండ్లకు మించకుండఁ గొనసాగవలెనని చట్టమున వ్రాసిరి. ఆ గడువు 2024 జూను 2తో తీఱెను.

లోనికిఁ బోవు ద్వారమును గూర్చి మన సభలలో మాటలాడని సంవత్సరము లేదు. విశ్వవిద్యాలయమునుండి వెలుపలికి వచ్చు ద్వారము మాట యెవ్వరు నెత్తరు. అక్కడ పుట్టిన విద్య యెవరి సొత్తు? ఒక వర్తకసంస్థ ధనమిచ్చి పరిశోధన చేయించినపుడు దాని ఫలముపై హక్కెవరిది? అట్టి ధనము వచ్చుట తప్పని మేము చెప్పము. ప్రయోగశాలలు గాలి తిని బ్రదుకవు గదా. అయితే ఒప్పందపత్రమునందు పేటెంటు ఎవరి పేర నుండునో, ఆ ఫలమును మొదట వాడుకొను హక్కు ఎవరిదో, పరిశోధకుఁడు దానిని ప్రకటించుటకు ఎంతకాలము ఆఁగవలెనో ముందే వ్రాయుదురు. పొలమునకు రావలసిన విద్య ఆ పంక్తులలో చిక్కువడవచ్చును.

అమెరికాలో 1980లో బే-డోలు చట్టము వచ్చి, ప్రభుత్వధనముతో కనుఁగొన్నవానిపై విశ్వవిద్యాలయములే పేటెంటు పొందవచ్చునని చెప్పినది. దాని పిదప అచ్చటి విశ్వవిద్యాలయములు పేటెంట్లకై పోటీపడెను. ఆ యుత్సాహములోనే మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రము గాయములు మానుటకు పసుపు వాడుటపై 1995లో పేటెంటు సంపాదించినది! మన అవ్వలు వంటింటినుండి చిటికెఁడు తీసి కాలిపుంటికి అద్దినదే ఆ పసుపు. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనామండలివారు సంస్కృత, ఉర్దూ, హిందీ పూర్వగ్రంథములు సాక్ష్యముగాఁ జూపి వాదింపఁగా 1997లో అది రద్దయ్యెను. ఒకనాఁడు మన బాలురకు అడ్డుపడిన ఉర్దూ ఇచ్చట మన పక్షమున సాక్షిగా నిలుచుట వింతయే.

మన దేశమునను అమెరికా చట్టమువంటి బిల్లును 2008లో రాజ్యసభయందు ప్రవేశపెట్టిరి, 2014లో ఉపసంహరించిరి. కావున ప్రభుత్వధనముతో జరుగు పరిశోధన ఫలమును గూర్చి అట్టి చట్టమొకటి యేర్పడక, ఈ హక్కుల పంపకము చాలవఱకు ఆయా సంస్థల నియమములకే విడువఁబడెను. పాలకమండలి సమావేశము ఇందువలననే మనకు ముఖ్యము. విత్తనముల విషయమున మాత్రము చట్టము రైతును కొంత కాచినది. మొక్కలు, విత్తనములు పేటెంటునకు తగవని మన పేటెంటుచట్టము చెప్పుచున్నది. రైతు తన పంటవిత్తును దాఁచుకొనవచ్చును, మరల విత్తవచ్చును, ఇరుగుపొరుగుకు ఈయవచ్చును, అమ్మవచ్చును. వ్యాపారపు పేరు ముద్రించి మాత్రము అమ్మరాదని 2001 నాఁటి మొక్కల రకముల చట్టము వ్రాసినది.

తాండూరు కందిపప్పు కథ ఇచ్చటఁ జెప్పవలెను. ఆ రుచికి నల్లరేగడియు, దాని యడుగున నున్న సున్నపురాతి పొరలును కారణమందురు. 2022 డిసెంబరులో దానికి భౌగోళిక గుర్తింపు లభించెను. ఆచార్య జయశంకరు వ్యవసాయ విశ్వవిద్యాలయము దీనికి తోడ్పడినది; కాని హక్కు నమోదైనది విశ్వవిద్యాలయము పేర గాదు, వర్తకుని పేర గాదు, యాలాల రైతు ఉత్పత్తిదారుల సంఘము పేర. విద్య యొకరిది, హక్కు పండించువారిది. మా యభిప్రాయమున ఈ యేర్పాటు చాల మేలైనది.

ఆ విశ్వవిద్యాలయమునందే ప్రవేశముల విషయమున మన పోషకులు ముఖ్యముగాఁ దెలియవలసిన సంగతి యొకటి కలదు. వ్యవసాయ పట్టపు చదువున నూటికి 40 స్థానములు రైతుబిడ్డలకు ప్రత్యేకించిరి. తల్లిదండ్రులకు కనీసము ఎకరము భూమి యుండవలెను. విద్యార్థి పండ్రెండేండ్ల చదువులో నాలుగేండ్లయినను పురపాలకసంఘముల యెల్లకు వెలుపల చదివియుండవలెను. భూమిలేని కూలివాని బిడ్డ ఈ నియమమువలన బయటనే నిలిచెను. 2025లో వ్యవసాయకూలీల పిల్లలకును కొంతభాగ మీయ నిశ్చయించిరి. అది న్యాయము.

కాని మన నిధి యేమి చేయుచున్నది? చురుకైన బాలుని చిన్ననాఁడే హైదరాబాదు వసతిగృహమునకుఁ బంపుచున్నది. తాండూరు పురపాలకము, కొడంగలును 2018లో పురపాలకమయ్యెను. ఆ యూళ్లలో చదివిన యేండ్లు ఈ లెక్కకు రావు. దౌల్తాబాదు బడిలో చదివినవి వచ్చును. దండ్రి దుక్కి దున్నుచుండఁగా, మన యౌదార్యముచేతనే నగరమున పెరిగిన కుమారుఁడు రైతుబిడ్డ స్థానమునకు అనర్హుఁడగుచున్నాఁడు. ఈ సంవత్సరపు విద్యార్థివేతనముల పట్టికను కార్యవర్గమువారు ఖాయపఱచుటకు పూర్వము, ఏ బిడ్డ యెన్ని యేండ్లు ఎచ్చటఁ జదివెనో ఒక వరుసలో వ్రాయించి చూడవలెనని కోరుచున్నాము.