తెలుగు వార్తా రచన: అభ్యాస చరిత్ర

జరిగిన సంగతిని సరిచూసుకుని, ముఖ్యమైనదాన్ని ముందు పెట్టి, ఒక్కసారి చదివితే బోధపడేలా రాయడమే వార్తా రచన. తెలుగులో ఈ విద్యకు పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలోనే బీజం పడినా, దాన్ని తరగతి గదిలో పాఠంగా చెప్పడం మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది. వందేళ్లకు పైగా తెలుగు పాత్రికేయులకు అచ్చాఫీసే బడి, సంపాదకుడే పంతులు. వాళ్లు నేర్చుకున్న పాఠాల్లో అన్నిటికంటే కష్టమైనది భాష. ఎవరి కోసం రాస్తున్నారో వాళ్లు మాట్లాడే తెలుగులో రాయడానికి పత్రికలకు దాదాపు ఒక శతాబ్దం పట్టింది. అందుచేత తెలుగు వార్తా రచన చరిత్ర అంటే చాలావరకు తెలుగు వచనం జనం నోటికి దగ్గరైన చరిత్రే.

తొలి పత్రికలు

1835 నాటి సత్యదూతను తొలి తెలుగు పత్రికగా చెబుతారు. అది క్రైస్తవ మత ప్రచారానికి పుట్టిన పత్రిక. 1838లో మద్రాసు నుంచి మండిగల వెంకటరామశాస్త్రి వృత్తాంతిని నడిపారు. 1842లో అక్కడి నుంచే సయ్యద్ రహమతుల్లా వర్తమాన తరంగిణిని తెచ్చారు. వృత్తాంతమన్నా వర్తమానమన్నా అప్పటి వాడుకలో కబురే. మా పని కబురు చేరవేయడమని ఈ రెండు పత్రికలూ పేరులోనే చెప్పుకున్నాయి. కానీ ఆ కబురును ఏ తెలుగులో చెప్పాలో ఎవరికీ స్థిరంగా తెలియదు. వచనంలో రాసే అలవాటు తక్కువ, పండితులు మెచ్చే వచనమేమో కావ్యభాషను అంటిపెట్టుకున్నది.

1871లో కొక్కొండ వెంకటరత్నం పంతులు స్థాపించిన ఆంధ్రభాషా సంజీవని ఆ పండిత భాషకే కట్టుబడింది. 1874లో కందుకూరి వీరేశలింగం ప్రారంభించిన వివేకవర్ధని మరో దారి పట్టింది. సంఘసంస్కరణకు, ఉద్యోగుల లంచగొండితనాన్ని బయటపెట్టడానికి పూనుకున్న పత్రిక అది. ఆరోపణ చదివినవాడికి అర్థం కాకపోతే దానివల్ల ప్రయోజనం లేదు, ఆధారం లేకపోతే రాసినవాడు కోర్టు మెట్లెక్కాలి. సులభంగా రాయడం, రుజువు చేతిలో ఉంచుకుని రాయడం అనే రెండు అలవాట్లు తెలుగు పత్రికలకు ఇలా పని ఒత్తిడిలోనే అబ్బాయి.

కృష్ణా పత్రిక 1902లో మచిలీపట్నంలో మొదలైంది. 1907 నుంచి 1945 దాకా దానికి సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు. ఆయన గది చుట్టూ చేరిన యువకులు రాతనే కాదు, లోకాన్ని చూసే తీరునూ నేర్చుకున్నారు. 1908లో విజయవాడ నుంచి స్వరాజ్య వారపత్రికను నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒక సంపాదకీయం కారణంగా రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్లారు. అదే ఏడాది బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా మార్చారు. వారానికోసారి తీరిగ్గా రాసే కాలం దాంతో పోయింది. ప్రతి రాత్రీ గడువులోగా పేజీ నింపాల్సిన అవసరం వచ్చిపడింది.

తెలంగాణలో ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో తెలుగు పత్రిక పెట్టడమే సాహసం. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక వచ్చాయి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక వెలువడింది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట వినబడినప్పుడు ప్రతాపరెడ్డి కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి వివరాలు తెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక ప్రచురించారు. ఆవేశానికి బదులు ఆధారంతో జవాబు చెప్పడమెలాగో నేర్పడానికి తెలుగు పాత్రికేయంలో ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

వాడుక భాష కోసం పోరాటం

గిడుగు వెంకట రామమూర్తి వ్యావహారిక భాషోద్యమాన్ని బడిపుస్తకాల కోసం మొదలుపెట్టినా, దాని ఫలం ఎక్కువగా దక్కింది పత్రికలకే. 1919లో ఆయన పర్లాకిమిడి నుంచి తెలుగు అనే పత్రికను నడిపి, తన వాదాన్ని వాడుక భాషలోనే వినిపించారు. 1940 జనవరిలో, కన్నుమూయడానికి కొద్ది రోజుల ముందు, ప్రజామిత్ర కార్యాలయంలో ఆయన చేసిన చివరి విన్నపం పత్రికా సంపాదకులకే. జీవభాషను ఆదరించమన్నదే ఆ విన్నపం సారం. జీవితమంతా పండితులతో వాదించిన మనిషి చివరికి తన ఆశను విలేకరుల చేతుల్లో పెట్టి వెళ్లడం గమనించదగ్గది.

దినపత్రికలో వాడుక భాషను ప్రవేశపెట్టినవారిలో జనవాణి సంపాదకుడు తాపీ ధర్మారావు ముందు వరసలో ఉంటారు. 1938లో మద్రాసులో మొదలైన ఆంధ్రప్రభకు 1942 నుంచి 1959 వరకు, ఆ తర్వాత 1960లో విజయవాడలో మొదలైన ఆంధ్రజ్యోతికి సంపాదకుడిగా నార్ల వెంకటేశ్వరరావు చిన్న వాక్యానికి, సూటి మాటకు గౌరవం తెచ్చారు. ప్రజాశక్తి, విశాలాంధ్ర వంటి ఉద్యమ పత్రికలు రైతుకూలీలను ఉద్దేశించి రాయడంతో వాడుక భాష మరింత విస్తరించింది. ఆంధ్రపత్రిక మాత్రం గ్రాంథికాన్ని చాలాకాలం వదల్లేదు. ఒకే ఊళ్లో, ఒకే రోజు, ఒకే వార్త రెండు రకాల తెలుగులో అచ్చయిన కాలం అది.

డెస్కు అనే బడి

దేశవిదేశాల వార్తలు ఏజెన్సీల నుంచి టెలిప్రింటర్ మీద ఇంగ్లిష్‌లో వచ్చేవి. వాటిని రాత్రికి రాత్రి తెలుగు చేయడం సబ్ ఎడిటర్ పని. కొత్తగా చేరినవాళ్లకు మొదట చిన్న చిన్న కాపీలు ఇచ్చేవారు. అనువాదం సీనియర్ చేతికి వెళ్లి, కొట్టివేతలతో తిరిగివచ్చేది. ఆ కొట్టివేతలే పాఠ్యపుస్తకం. ఐక్యరాజ్యసమితి, ప్రణాళిక, అవిశ్వాస తీర్మానం వంటి మాటలు జనంలోకి వెళ్లడానికి తోవ చూపింది ఇలాంటి డెస్కులే.

ఈ అనువాదాల వల్ల ఒక జబ్బు కూడా అంటుకుంది. మూలంలోని వాక్యం ఎముకలు తెలుగు మాటల కింద కనబడేవి. ‘మంత్రిచే వంతెన ప్రారంభించబడింది’ అని రాసిన కుర్రవాడికి సీనియర్ చెప్పే మొదటి మాట, మీ ఇంట్లో ఎవరైనా ఇలా మాట్లాడతారా అని. ‘మంత్రి వంతెనను ప్రారంభించారు’ అంటే చాలు. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. ఇంగ్లిష్‌లోలా అన్ని వివరాలనూ ఒకే వాక్యంలోకి కుక్కితే, ఎవరు ఏం చేశారో తెలియడానికి చదువరి నాలుగు పంక్తులు ఊపిరి బిగబట్టాల్సి వస్తుంది. ఒక వాక్యానికి ఒక సంగతి అనే డెస్కు సూత్రం ఈ ఇబ్బందిలోంచే పుట్టింది.

విశ్వవిద్యాలయాల్లో

అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం 1908లో జర్నలిజం పాఠశాల తెరిచింది. మన దేశంలో, అప్పటికింకా ఇక్కడిదే అయిన లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయం 1941లో, మద్రాసు విశ్వవిద్యాలయం 1947లో ఈ బోధన ప్రారంభించాయి. తెలుగు నేల మీద ఆ గౌరవం ఉస్మానియా విశ్వవిద్యాలయానిది. 1954లో అక్కడ జర్నలిజం శాఖ ఏర్పడింది. అమెరికన్ ఆచార్యుడు డిఫారెస్ట్ ఓడెల్ దాని నిర్మాణంలో ముఖ్య పాత్ర వహించారు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అన్న ఆరు ప్రశ్నలు, ముఖ్యాంశం పైన ఉండి వివరాలు కిందికి దిగే తలకిందుల పిరమిడ్ పద్ధతి ఇక్కడ క్రమబద్ధమైన పాఠాలయ్యాయి. అయితే బోధన సాగింది ఇంగ్లిష్‌లో. పట్టా పుచ్చుకుని తెలుగు పత్రికలో చేరినవాళ్లు తెలుగులో రాయడం మళ్లీ డెస్కు దగ్గరే నేర్చుకోవలసి వచ్చింది. 1985లో హైదరాబాదులో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయం తెలుగు మాధ్యమంలో జర్నలిజం బోధించి ఆ లోటు కొంత తీర్చింది.

పత్రికల సొంత పాఠశాలలు

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో రామోజీరావు ప్రారంభించిన ఈనాడు, 1989లో జిల్లా అనుబంధాలను మొదలుపెట్టడంతో తెలుగు వార్తల పరిధి మారిపోయింది. మండలానికో కంట్రిబ్యూటర్ అవసరమయ్యాడు. రోజూ డజన్ల కొద్దీ పేజీలు నింపాలంటే డెస్కులోని పాత గురుశిష్య పద్ధతి చాలలేదు. దాంతో పత్రికలే పాఠశాలలు పెట్టుకున్నాయి. ఈనాడు జర్నలిజం పాఠశాలకు భాషావేత్త బూదరాజు రాధాకృష్ణ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. శాసన భాష మీద పరిశోధన చేసిన పండితుడు బస్టాండులో వినబడే తెలుగును విద్యార్థుల చేత రాయించడం విశేషం. మాటల వాడుక మీద ఆయన పుస్తకాలు ఇప్పటికీ డెస్కుల్లో చేతికందే చోట ఉంటాయి. ఇతర దినపత్రికలు కూడా రాతపరీక్ష పెట్టి, భృతి ఇచ్చి, కొన్ని నెలల శిక్షణ తర్వాత ఉద్యోగంలోకి తీసుకునే పద్ధతిని పాటించాయి.

పట్టణాలకు దూరంగా ఉన్నవాళ్లకు ఆ అవకాశం తక్కువ. ప్రచురితమైన వార్త పొడవును కొలిచి లైన్ అకౌంట్ లెక్కన డబ్బులందుకునే గ్రామీణ విలేకరులకు పునశ్చరణ తరగతులు నిర్వహించడం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన ప్రెస్ అకాడమీ చేపట్టిన ముఖ్యమైన పనుల్లో ఒకటి. చిత్తూరు జిల్లాలో స్వయం సహాయక సంఘాల మహిళలు విలేకరులై నవోదయం పత్రికను నడిపారు. తమ వీధి సంగతిని తామే అడిగి తెలుసుకుని తామే రాసుకోవచ్చని వాళ్లు చేసి చూపించారు.

నేర్పే మూలసూత్రాలు

శిక్షణ ఎక్కడ జరిగినా మొదటి వారం పాఠాలు ఒకేలా ఉంటాయి. మొదటిది ఇంట్రో, అంటే వార్తలోని తొలి పేరా. ఒక నమూనా చూడవచ్చు. కొత్త కంట్రిబ్యూటర్ ఒకరు ఇలా రాసి పంపాడనుకుందాం: ‘గ్రామ రైతులు ఎన్నో ఏళ్లుగా అష్టకష్టాలు పడుతున్నారు. వారిని పట్టించుకునే నాథుడే కరువయ్యాడు.’ ఇందులో రెండు వాక్యాలున్నాయి గానీ సంగతి ఒక్కటీ లేదు. డెస్కు ప్రశ్నలు వేస్తుంది. కష్టమేమిటి? ఎప్పటి నుంచి? ఎంతమందికి? ఎవరికి చెప్పుకున్నారు? జవాబులు వచ్చాక అదే వార్త ఇలా మారుతుంది: ‘చెరువు తూము విరిగి మూడు నెలలైంది. నీరందక 120 ఎకరాల్లో వరి ఎండిపోయింది. రెండుసార్లు అర్జీ ఇచ్చినా మరమ్మతు చేయలేదని రైతులు చెప్పారు.’ రైతు పక్షాన ఒక్క విశేషణమూ వాడకుండానే అతని గోడు వినబడింది.

రెండోది అరిగిపోయిన మాటలను ఏరివేయడం. అంగరంగ వైభవంగా జరిగే ఉత్సవాలు, శోకసంద్రంలో మునిగే గ్రామాలు, మిన్నంటే రోదనలు మొదట ఇక్కడే ఆగుతాయి. మూడోది పేరు, అంకె, హోదా సరిచూసుకోవడం. నాలుగోది న్యాయ సంబంధమైన జాగ్రత్త. తీర్పు వచ్చేదాకా నిందితుడు నిందితుడే, దోషి కాదు. అత్యాచార బాధితుల పేరు గానీ ఆనవాళ్లు గానీ రాయకూడదని చట్టమే నిషేధించింది. 1966లో ఏర్పడిన ప్రెస్ కౌన్సిల్ పాత్రికేయ ప్రవర్తనకు నియమావళి రూపొందించింది.

ఐదోది తెలుగులో ప్రత్యేకంగా ఎదురయ్యే సమస్య. మన క్రియకు మర్యాద ఉంది. మంత్రి ‘చెప్పారు’, కూలీ ‘చెప్పాడు’ అని రాయడం పత్రికలకు చాలాకాలంగా అలవాటు. పేరు పక్కన గారు చేర్చకపోవడం అందరికీ సమానమే అయినా, క్రియ దగ్గరికి వచ్చేసరికి హోదాను బట్టి మనిషి విలువ మారిపోతోంది. మంచి శిక్షకులు ఈ తేడాను విద్యార్థులకు చూపించి, పొలంలో నిలబడి మాట్లాడిన మనిషికీ ‘రు’ ఇవ్వమంటారు. ఒక్క అక్షరం ఖర్చుతో దక్కే గౌరవం అది. దాన్ని ఇవ్వకపోవడానికి వ్యాకరణంలో ఏ కారణమూ లేదు.

చెవికి, కంటికి

ఆకాశవాణి వార్త రాసినవాళ్లకు మరో గురువైంది. విన్న వాక్యాన్ని వెనక్కి తిప్పి వినలేం కాబట్టి పొడవాటి సమాసాలు, సంధులు, పెద్ద అంకెలు తగ్గించడం తప్పనిసరైంది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1983 నవంబరు 14న అక్కడ తెలుగు వార్తలు ప్రారంభించింది శాంతిస్వరూప్. టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో ముందే చదివి గుర్తుపెట్టుకుని కెమెరా వైపు చూసి చెప్పడం ఆయన సాధన. బొమ్మ చూపిస్తున్నదాన్ని మాటతో మళ్లీ చెప్పకూడదన్నది టీవీ రచన మొదటి సూత్రం. 2003, 2004లలో ఈటీవీ2, టీవీ9 రావడంతో వార్త రోజంతా సాగే ప్రవాహమైంది. ముందు చెప్పాలన్న తొందరకూ సరిచూడాలన్న నియమానికీ పెనుగులాట పెరిగింది.

ఇప్పటి స్థితి

ఫోనులోనే వార్త రాసి, ఫోనులోనే చదివే కాలంలో వాక్యం ఇంకా పొట్టిదైంది. పాత విద్యలో ఒక భాగం మాత్రం మునుపటికంటే ముఖ్యమైంది. ఎవరో పంపిన ఫొటో ఎప్పటిదో, ఎక్కడిదో తేల్చడం ఇప్పుడు ప్రాథమిక పాఠం. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు ఈ నిజనిర్ధారణను తెలుగులోనూ చేస్తున్నాయి. మరోవైపు ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికల సంచికలను డిజిటల్ రూపంలోకి తెచ్చింది. ముట్నూరి, సురవరం, నార్ల ఏలిన పేజీలను ఇవాళ ఏ మండల కేంద్రంలోని విద్యార్థి అయినా తెరిచి చూడవచ్చు. ఒకే తరహా వార్తను ఆనాటి వాళ్లు ఎలా రాశారో చదివి, తన వాక్యాన్ని పక్కన పెట్టి దిద్దుకోవచ్చు. డెస్కు నేర్పిన చదువూ ఇదే. అప్పట్లో అది అచ్చాఫీసు గడప దాటినవాళ్లకే దొరికేది.