గ్రుడ్డుకు కావలసిన వేడి

పెట్ట పొదిగితే 21 రోజులకు పిల్ల వస్తుందని ఎవరైనా చెబుతారు. ఆ పెట్ట క్రింది వేడి ఎంత? ఈజిప్టులో పొయ్యిలలో గ్రుడ్లు పొదిగించేవారు గ్రుడ్డును కనురెప్పకు ఆనించి దానిని పోల్చుకొనేవారు. అది తండ్రి నుండి కొడుకుకు వచ్చిన విద్య. పొరుగువానికి అబ్బేది కాదు.

దానిని అందరికీ అందించబూనినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రియోమర్. మాగుతున్న గుర్రపు లద్దెలో పీపాను పాతి, అందులో గ్రుడ్లుంచాడు. లద్దె ఆవిరి సోకితే గ్రుడ్డులోని పిండం బ్రతకదని తెలుసుకొని, ఆవిరి లోనికి చొరకుండా కట్టుదిట్టం చేశాడు. పిల్లలు వచ్చినవి! ఈ సంగతులన్నీ 1749లో గ్రంథంగా ప్రకటించాడు.

ఉష్ణమాపకం లేని గృహస్థుల కొరకు అందులో ఒక ఉపాయమున్నది. వెన్న, అందులో సగం కొవ్వు కలిపి కరిగించి, చిన్న సీసాలో పోసి గ్రుడ్ల ప్రక్కన ఉంచాలి. అది చిక్కని పాకంలా ఉంటే వేడి సరిపోయినట్లే. నూనెలా పారితే హెచ్చినట్లు, గడ్డకట్టితే చాలనట్లు. తన పేరిట ఒక ఉష్ణమానమే గల పెద్దమనిషి చెప్పిన ఉపాయమిది.