నౌకరీ పోయినోడి హక్

2007లో మా అబ్బా పనిచేసే కార్ఖానా మూతపడింది. ఇంట్లో ఎవరం హక్ అనే మాట ఎత్తలేదు. రోజీ ఇచ్చేవాడు అల్లాయే కదా అని అమ్మీ సబర్ చేసుకుంది. అబ్బా మాత్రం మాలిక్ మనుషులు ముందు పెట్టిన కాగితం మీద దస్తఖత్ చేసి ఇంటికొచ్చాడు.

నౌకరీ పోయినోడికి గుజారా ఇవ్వాలనే కానూన్ ఇంగ్లాండులో 1911లోనే వచ్చింది. ఓడలు కట్టేవాళ్లు, ఇళ్లు కట్టేవాళ్లు, యంత్రాల పనివాళ్లు, ఇట్లా కొన్ని పనులకే మొదట. వారం వారం మజ్దూర్ కొంత, మాలిక్ కొంత జమచేస్తే సర్కార్ కొంత కలిపేది. పని పోతే లేబర్ ఎక్స్ఛేంజిలో తన పుస్తకం అప్పగించి, పని కావాలని చెప్పుకోవాలి. అప్పుడు వారానికి 7 షిల్లింగులు, ఏడాదిలో 15 వారాల దాకా. తన పైసలు కూడా అందులో ఉన్నాయి కాబట్టి అది ఖైరాత్ కాదు. చేయి చాపినట్టు కాదు.

మన దేశంలో ఎక్స్ఛేంజీలు 1945లో వచ్చాయి, జంగ్ నుంచి తిరిగొచ్చిన సిపాయిలకు పని చూపెట్టడానికి. తర్వాత అందరికీ తెరిచారు. మన మొహల్లాల్లో ఆ కార్డు లేని నౌజవాన్ ఉండేవాడు కాదు. లైన్ వచ్చింది, కార్డు వచ్చింది, వారం వారం పైసలు మాత్రం రాలేదు. 1948 ఈఎస్ఐ కానూన్‌లో బీమారీ ఉంది, జచ్చగీ ఉంది, పనిలో దెబ్బ తగిలితే పైసలున్నాయి. బేకారీ లేదు! రాజ్యాంగం 41వ అధికరణంలో బేకారీకి సర్కార్ మదద్ అని రాసుకున్నాం. అయితే అది ఆదేశిక సూత్రం, దాన్ని పట్టుకుని అదాలత్‌కు పోలేం. 1953లో, తీసేసిన మజ్దూర్‌కు చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం ఇవ్వాలన్నారు. ఒకేసారి చేతికొచ్చే ఆ రఖం ఖర్జులకో, బిడ్డ షాదీకో పోయేది.

అసలు బేకారీ భత్యం 2005 ఏప్రిల్ 1న మొదలైంది, ఈఎస్ఐలోనే, రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన పేరుతో. 1934లో నిజాం జమానాలో పుట్టిన వరంగల్ ఆజంజాహీ మిల్లు అప్పటికే మూతపడింది, వాళ్లకు అందలేదు. ఐదేళ్లు చందా కట్టినవాడికి, కార్ఖానా మూతపడో, తీసేస్తేనో పని పోతే, ఆరు నెలలు సగం జీతం, కుటుంబానికి దవాఖానా. తర్వాత షరతులు సడలాయి, గడువు పెరిగింది.

ఒక మెలిక ఉంది. తన ఇష్టంతో నౌకరీ వదిలినవాడికి ఇది లేదు. వీఆర్ఎస్ తీసుకున్నా లేదు.

2018లో అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన వచ్చింది. మొదట జీతంలో పావువంతు, 90 రోజుల దాకా. దర్ఖాస్తు మాలిక్ చేతుల మీదుగా పోవాలి. నౌకరీ తీసేసినవాడి గడప మళ్లీ తొక్కమనడం ఏం ఇన్సాఫో! కరోనాలో 2020లో ఆ షరతు తీసేసి, పావును సగం చేసి, నేరుగా ఈఎస్ఐ ఆఫీసులో దర్ఖాస్తు పెట్టుకోమన్నారు.

అబ్బా తొమ్మిదేళ్లు చందా కట్టాడు. ఆ కాగితం నకలు అమ్మీ సందూఖ్‌లో ఉంది. మొన్న తీసి చదివాను. ‘నా ఇష్టపూర్వకంగా ఉద్యోగం మానుకుంటున్నాను’ అని ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. అబ్బాకు ఇంగ్లీషు రాదు. కింద ఉర్దూలో అందంగా దస్తఖత్ చేశాడు.