రొమాంటిక్ రోడ్: బస్సు యాత్రల కోసం గీసిన దారి

రొమాంటిక్ రోడ్ దక్షిణ జర్మనీలోని ఒక పర్యాటక మార్గం. మైన్ నది ఒడ్డునున్న వుర్ట్స్‌బుర్గ్‌లో మొదలై, ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గరున్న ఫ్యూసెన్‌లో ముగుస్తుంది. పొడవు సుమారు 460 కి.మీ. చాలా భాగం బవేరియా రాష్ట్రంలోనే ఉన్నా, మధ్యలో కొంత బాడెన్-వుర్టెంబెర్గ్‌లోకి తొంగిచూస్తుంది. ద్రాక్షతోటలు, గోధుమ చేలు, కోటగోడల మధ్య ఒదిగిన చిన్న పట్టణాలు, చివర మంచుకొండలు. గైడ్ వెంట ఉండి నడిపించే విదేశీ బస్సు యాత్రలకు ఇది పేరుమోసిన దారి. ఊళ్లు వందల ఏళ్లవి. దారి మాత్రం 1950లో పుట్టింది. ఈ పేరుతో ఏ రాజూ బాట వేయించలేదు. అప్పటికే ఉన్న రోడ్లను ఏరి వరసగా కలిపి, ఒక పేరు పెట్టి, గోధుమరంగు బోర్డులు నాటారు. దక్షిణాన ఆగ్స్‌బుర్గ్ నుంచి ఫ్యూసెన్ దాకా ఉన్న భాగం మాత్రం లెఖ్ నది వెంబడి రోమన్లు వేసిన వియా క్లాడియా ఆగస్టా అనే ప్రాచీన మార్గానికి ఇంచుమించు దగ్గరగా పోతుంది.

దారికి ముందు

వ్యవస్థీకృత యాత్రకు ఆద్యుడిగా చెప్పుకునే థామస్ కుక్ 1841 జులై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోకు తలకు ఒక షిల్లింగు చొప్పున సుమారు 500 మందిని రైల్లో తీసుకెళ్లాడు. 1855లో తొలిసారి ఇంగ్లిష్ చానెల్ దాటించి బెల్జియం, రైన్ లోయ మీదుగా పారిస్ ప్రదర్శనకు నడిపించాడు. ఆ రోజుల్లో గుంపు యాత్ర అంటే రైలు యాత్రే. రైలు వెళ్లని ఊరికి యాత్రికుడూ వెళ్లలేదు.

ఇప్పుడు రొమాంటిక్ రోడ్డు మీద మెరిసిపోతున్న రోటెన్‌బుర్గ్, డింకెల్స్‌బ్యూల్, నోర్డ్‌లింగెన్ ఒకప్పుడు పక్కకు పడిపోయిన ఊళ్లే. మధ్యయుగంలో ఇవి ఏ సామంతుడికీ లోబడకుండా నేరుగా చక్రవర్తికే జవాబుదారీగా ఉన్న స్వేచ్ఛా నగరాలు. 1618-48 నాటి ముప్పయ్యేళ్ల యుద్ధం వీటి నడ్డి విరిచింది. వర్తకం వేరే దారులు పట్టింది. 1800ల తొలి ఏళ్లలో స్వేచ్ఛ కూడా పోయి బవేరియాలో కలిశాయి. చేతిలో డబ్బున్న నగరాలు పాత గోడలు కూల్చి వెడల్పాటి వీధులు వేసుకుంటుంటే, వీటికి కూల్చే స్తోమత కూడా లేకపోయింది. పైగా బవేరియా రాజు మొదటి లూట్విగ్‌కు పాత కట్టడాల మీద మక్కువ. గోడలు పడగొట్టవద్దని ఆజ్ఞాపించాడు. యాత్రికులు ఈనాడు కళ్లారా చూసే అందంలో పాత పేదరికం వాటా చిన్నదేమీ కాదు.

19వ శతాబ్ది రెండో సగంలో జర్మన్, ఇంగ్లిష్ చిత్రకారులు రోటెన్‌బుర్గ్‌ను కనిపెట్టారు. 1873లో ఆ ఊరికి చిన్న రైలు మార్గం వచ్చింది. 1881లో ఊరివాళ్లే ఒక నాటకం కట్టారు. 1631లో ఊరిని పట్టుకున్న సేనాని టిల్లీ, మూడుంపావు లీటర్ల ద్రాక్షసారాయిని ఒక్క గుక్కలో తాగగలవాడుంటే ఊరిని వదిలేస్తానన్నాడనీ, మాజీ మేయరు నుష్ తాగి చూపించాడనీ కథ. ఊరు టిల్లీ చేతికి చిక్కడం చరిత్ర. గుక్క తిప్పుకోకుండా తాగడం మాత్రం కథే. అయితేనేం, ఈనాటికీ సంతకూడలిలోని గడియారం కిటికీలు గంట కొట్టినప్పుడు తెరుచుకుని బొమ్మ నుష్ పాత్ర ఎత్తుతాడు, కింద నాలుగైదు భాషల గైడ్లు గొంతు పెంచుతారు. 1898లో ఏర్పడిన పాత రోటెన్‌బుర్గ్ పరిరక్షణ సంఘం కొత్త ఇళ్లు కూడా పాత తీరులోనే ఉండాలని పట్టుబట్టింది.

ఈ చరిత్రలో గైడ్లు తొందరగా దాటేసే పేజీ ఒకటుంది. నాజీలకు రోటెన్‌బుర్గ్ అచ్చమైన జర్మన్ పట్టణానికి నమూనా. కార్మికుల విహారాల కోసం వాళ్లు పెట్టిన సంస్థ జనాన్ని ఇక్కడికి గుంపులుగా తెచ్చింది. 1938 అక్టోబరులో, దేశమంతటా యూదుల మీద దాడులు జరగడానికి కొన్ని వారాల ముందే, మిగిలిన కొద్దిమంది యూదులనూ ఈ ఊరు వెళ్లగొట్టింది. బృంద యాత్ర అమాయకమైన సరదాగానే పెరగలేదని గుర్తుంచుకోవాలి.

శిథిలాల మీద పుట్టిన ఆలోచన

1945 మార్చి 16 రాత్రి బ్రిటిష్ విమానాలు ఇరవై నిమిషాల లోపే వుర్ట్స్‌బుర్గ్‌ను కాల్చివేశాయి. సుమారు 5,000 మంది చనిపోయారు. బిషప్పుల రాజప్రాసాదం కూడా తగలబడింది కానీ, వాస్తుశిల్పి బల్తజార్ నాయ్‌మన్ మెట్ల మీద కట్టిన స్తంభాలు లేని భారీ కమాను కూలలేదు. దాని అడుగున ఇటలీ చిత్రకారుడు టియెపోలో 1752-53లో వేసిన బృహత్ చిత్రం అలాగే నిలిచింది. పైకప్పు పోయి వానకు పాడైపోయే స్థితిలో, అమెరికా సైన్యపు కళాసంపద విభాగంలోని జాన్ స్కిల్టన్ కలప, రూఫింగు సంపాదించి కప్పించాడు.

రెండు వారాల తర్వాత, మార్చి 31న, రోటెన్‌బుర్గ్ మీద అమెరికా బాంబులు పడ్డాయి. పాత పట్టణంలో దాదాపు 40 శాతం ధ్వంసమైంది. ఫిరంగులు మిగతాది కూడా తినేసేవే. అమెరికా యుద్ధశాఖ సహాయ కార్యదర్శి జాన్ మెక్‌లాయ్ తల్లి ఒకప్పుడు ఈ ఊరు చూసి మురిసిపోయిందట. ఫిరంగులు పేల్చొద్దని అతడు కోరాడు. ఊరిని కాస్తున్న జర్మన్ మేజరు పై ఆజ్ఞలను ధిక్కరించి పోరాడకుండానే ఊరు అప్పగించాడు. ఇదే మెక్‌లాయ్ 1949లో జర్మనీలో అమెరికా హైకమిషనరుగా వచ్చాడు.

గోడ తిరిగి కట్టడానికి ఊరు ప్రపంచమంతా చందాలు అడిగింది. ఇన్ని మీటర్ల గోడకు డబ్బిచ్చారని దాతల పేర్లు చెక్కిన రాతి పలకలు గోడ వెంబడి ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో అమెరికన్, జపనీస్ పేర్లు చాలా కనిపిస్తాయి. పాత ఊరి తూర్పు భాగంలోని చాలా ఇళ్లు 1950ల కట్టడాలేనన్న సంగతి అక్కడ నడిచేవాళ్లలో ఎక్కువ మంది గమనించరు.

1950లో ఆగ్స్‌బుర్గ్ కేంద్రంగా దారిపొడుగునా ఉన్న ఊళ్లు ఒక సంఘంగా కలిసి రొమాంటిక్ రోడ్‌ను ప్రకటించాయి. లెక్క తేటగానే ఉంది. దేశానికి డాలర్లు కావాలి. డాలర్లున్న అమెరికా సైనికులు, వాళ్ల కుటుంబాలు వుర్ట్స్‌బుర్గ్, ఆగ్స్‌బుర్గ్ స్థావరాల్లోనే ఉన్నారు. జర్మనీ అంటే యుద్ధం, శిథిలాలు గుర్తొచ్చే రోజుల్లో, గోపురాలూ మిద్దె కిటికీల్లో పూలకుండీలూ ఉన్న మరో జర్మనీని చూపించాలి. ఇలాంటి పర్యాటక దారి ఇదే మొదటిది కాదు. 1935లో ద్రాక్షసారాయి సీమలో ఒకటి తెరిచారు. కానీ దీని విజయం చూశాకే దేశమంతటా వందకు పైగా ఇలాంటి దారులు వెలిశాయి.

బస్సు, దాని లెక్కలు

ఈ దారికి బస్సే తగిన వాహనం. రైలు ఈ ఊళ్లను ఒక వరసలో కలపదు. 1950ల తొలి ఏళ్లలో ఐరోపా రైల్వేలు కలిసి యూరోపాబస్ పేరుతో నడిపిన దూరప్రయాణ బస్సులు ఈ మార్గాన్ని విదేశీయులకు పరిచయం చేశాయి. దగ్గరలోని ఉల్మ్ నగరంలో కెస్‌బోరర్ సంస్థ 1951లో సెట్రా బస్సు తెచ్చింది. విడిగా ఛాసిస్ లేకుండా బాడీయే బరువు మోసే నిర్మాణం దానిది. లారీ చట్రం మీద పెట్టె బిగించిన పాత బస్సులతో పోలిస్తే తేలిక.

బస్సు యాత్రలో రోజు ఎలా గడవాలో చాలావరకు తేల్చేది డ్రైవరు పనిగంటల చట్టం. ఐరోపా సంఘం నిబంధన ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విశ్రాంతి తప్పనిసరి. రోజుకు తొమ్మిది గంటలు, వారంలో రెండుసార్లు మాత్రం పది గంటలు నడపవచ్చు. బండిలోని యంత్రం అన్నీ నమోదు చేస్తుంది, పోలీసులు తనిఖీ చేస్తారు. కాబట్టి "ఇంకో అరగంట ఉందామండీ" అని ఎంత బతిమాలినా గైడు తలూపడు. కోటగోడల లోపలికి పెద్ద బస్సులు రావు. బయట పార్కింగులో దింపితే రాళ్లు పరిచిన వీధుల్లో నడవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ సంగతి ముందే చెప్పని ప్యాకేజీలు ఎక్కువ.

దారిలో

నోర్డ్‌లింగెన్ చుట్టూ ఉన్న గోడ మీద, కప్పు కింద, ఊరంతా ఒక చుట్టు తిరిగి రావచ్చు, సుమారు 2.7 కి.మీ. అసలు వింత ఊరి కింద ఉంది. సుమారు కోటీ యాభై లక్షల ఏళ్ల క్రితం గ్రహశకలం ఢీకొని ఏర్పడిన, దాదాపు 24 కి.మీ. వెడల్పున్న గుంతలో ఈ ఊరు కూర్చుంది. చాలాకాలం అది అగ్నిపర్వతం పనే అనుకున్నారు. 1960లో యూజీన్ షూమేకర్, ఎడ్వర్డ్ చావ్ ఇక్కడి రాళ్లలో కోయెసైట్ అనే ఖనిజాన్ని చూపించి సందేహం తీర్చారు. ఊరి చర్చి, దాని 90 మీటర్ల గోపురం ఆ తాకిడికి పుట్టిన రాతితోనే కట్టారు. అందులో కంటికి కనిపించనంత సూక్ష్మమైన వజ్రాలున్నాయి. చంద్రుడి మీద ఎలాంటి రాళ్లు ఏరాలో నేర్చుకోవడానికి అపోలో 14 వ్యోమగాములు 1970లో ఇక్కడికి వచ్చారు. ఇంతటి ఊరికి చాలా బస్సులు కాఫీకి పట్టే సమయమే ఇస్తాయి.

ఆగ్స్‌బుర్గ్‌లో బ్యాంకరు యాకోబ్ ఫుగ్గర్ 1521లో పేదల కోసం స్థాపించిన ఫుగ్గరై కాలనీ ఇంకా నడుస్తోంది. ఏడాది అద్దె 88 యూరో సెంట్లు, దాంతోపాటు దాత కోసం రోజూ మూడు ప్రార్థనలు. మోజార్ట్ ముత్తాత ఇక్కడ నివసించాడు. పచ్చిక మధ్య ఒంటరిగా నిలబడిన వీస్ చర్చి, బయటికి సాదాగా ఉండి లోపల బంగారు పూతతో, చిత్రాలతో కళ్లు జిగేల్మనిపిస్తుంది.

చివరి మజిలీ ఫ్యూసెన్ దగ్గరి నోయ్‌ష్వాన్‌స్టైన్. రెండో లూట్విగ్ రాజు 1869లో శంకుస్థాపన చేసిన ఈ కోట మధ్యయుగానిది కాదు, మధ్యయుగం మీద మోజుతో కట్టింది. జనానికి దూరంగా బతకడానికి కట్టించుకున్న రాజు 1886 జూన్‌లో చనిపోతే, కొన్ని వారాలకే టిక్కెట్టు పెట్టి జనానికి తెరిచారు. ఇప్పుడు ఏటా పది లక్షలకు పైగా వస్తారు. లోపల చూపించేది అరగంట సేపే.

యాత్రికులు

అమెరికన్ల తర్వాత ఈ దారిని భుజాన వేసుకున్నది జపనీయులు. 1964లో ఆ దేశం విదేశీ విహారాల మీద ఆంక్షలు ఎత్తేసింది. ఆ తరవాతి దశాబ్దాల్లో వాళ్ల బృందాలు ఎంతగా వచ్చాయంటే, దారి బోర్డుల మీద జపనీస్ లిపి కూడా చేరింది. జపాన్‌లోనూ ఇదే పేరుతో ఒక దారి ఏర్పడి దీనితో చెలిమి కట్టింది. మన దేశం నుంచి వెళ్లే ఐరోపా ప్యాకేజీలు ఎక్కువగా రైన్ లోయ, బ్లాక్ ఫారెస్ట్‌లతో సరిపెట్టుకుని స్విట్జర్లాండ్‌కు మళ్లుతాయి. తెలుగువాళ్లలో ఈ దారి ఎక్కువగా తెలిసినది మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ వైపు ఉద్యోగాలు, చదువుల కోసం ఉంటూ, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు కోట చూపించేవాళ్లకే.

పగటి యాత్రికులు మధ్యాహ్నం కిక్కిరిసి సాయంత్రానికి మాయమైపోతారనీ, నిత్యావసరాల అంగళ్ల స్థానంలో క్రిస్మస్ బొమ్మల దుకాణాలు వచ్చాయనీ రోటెన్‌బుర్గ్ గురించి విమర్శ ఉంది. అది సబబే. కానీ బస్సులు రాకుంటే గోడలకు మరమ్మతు ఖర్చు ఎవరిస్తారన్న ప్రశ్నకు విమర్శకుల దగ్గర గట్టి జవాబు కనబడదు. రాత్రి బస చేసే బృందాలకు ఊరు వేరేగా కనిపిస్తుంది. రాత్రి కావలివాడి వేషంలో లాంతరు పట్టుకుని చరిత్ర చెబుతూ తిప్పే నడక యాత్ర బాగా పేరు పొందింది.

ఈ దారి మీద వుర్ట్స్‌బుర్గ్ ప్రాసాదం 1981లో, వీస్ చర్చి 1983లో, ఆగ్స్‌బుర్గ్ నీటి నిర్వహణ వ్యవస్థ 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. 2025 జులైలో రెండో లూట్విగ్ రాజు ఇతర కోటలతోపాటు నోయ్‌ష్వాన్‌స్టైన్ కూడా చేరింది. ఇదే దారిని అనుసరించి సైకిల్ బాట, నడక బాట కూడా ఏర్పరిచారు.