తేటపడిన పాలనీళ్ళు, చమురుబావి

నూనె, నీరు కలవవని మనకొకరు చెప్పనక్కరలేదు. తలకంటిన నూనె వదలాలంటే కుంకుడు రసమో, సీకాయో మధ్యవర్తిత్వం వహించాలి. అయితే అలా కలిసిన నీళ్ళు తెల్లగా, మసకగా ఉంటాయి. నిలవుంచితే మళ్ళీ వేరుపడతాయి. 1943లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు హోర్, షుల్మన్ ఇటువంటి పాలవంటి ద్రవానికే, సబ్బు తోడుండగా, ఆల్కహాలును కొద్దికొద్దిగా చేర్చుతూ పోయారు. ఒకానొక దశలో తెలుపు మాయమై ద్రవం తేటపడింది! నూనె ఎక్కడికీ పోలేదు. బిందువులు వెలుతురును చెదరగొట్టలేనంత చిన్నవైపోయాయి, అంతే. 'మైక్రోఎమల్షన్' అన్న పేరు 1959లో షుల్మన్ బృందం పెట్టినది.

ఈ పేరే తర్వాత చిక్కు తెచ్చింది. నానోఎమల్షన్ బిందువులు మైక్రోవాటికన్నా చిన్నవనుకుంటాం కదా? తరచు పెద్దవే! అసలు తేడా పరిమాణంలో లేదు. నానోఎమల్షన్‌ను సాధారణంగా బలంగా చిలకాలి, కాలక్రమంలో అది చెడుతుంది. మైక్రోఎమల్షన్ పాళ్ళు కుదిరితే తనంతట తానే ఏర్పడి నిలుస్తుంది. 'నానో' అన్న మాటకున్న గిరాకీ చూసి సీసా మీద పేరు మార్చేవారి సంగతి వేరే చెప్పాలా?

1960లలో అమెరికాలోని మారథాన్ సంస్థ, రాతిపొరల్లో చిక్కుకున్న చమురును ఈ ద్రవాలతో కడిగి తీయాలని ఇల్లినాయి రాష్ట్రంలో ప్రయత్నించింది. 1973 చమురు సంక్షోభం ఆ ఆశకు ఊపిరిపోసింది. 1986లో ధరలు కుప్పకూలడంతో ఖర్చు గిట్టుబాటు కాలేదు.

ఆ పెద్ద కల చెదిరినా, బావిని కడిగే చిన్న పనిలో ఈ విద్య నిలిచింది. నా దృష్టిలో ఇదే ఎక్కువ విలువైనది. నూనె ఆధారంగా చేసిన డ్రిల్లింగ్ మడ్డి ఉక్కు గొట్టానికీ, రాతికీ జిడ్డులా పట్టుకుంటుంది. జిడ్డు మీద సిమెంటు అతకదు. అతకని చోట సందు, ఆ సందులోంచి వాయువు పైకి పాకి భూగర్భజలాన్ని చేరగలదు. మైక్రోఎమల్షన్ నూనెకూ నీటికీ మధ్యనున్న తలతన్యతను వేలరెట్లు తగ్గించి, జిడ్డును తనలో కలుపుకుని, ఉక్కును నీటికి తడిసేలా మారుస్తుంది. రుద్దనక్కరలేదు.

అయితే వేడి, ఉప్పుదనం మారితే పాళ్ళు తప్పుతాయి. 1940ల చివరినుంచి విన్సర్ చేసిన వర్గీకరణ ఇందుకే ఇప్పటికీ అక్కరకొస్తోంది. ఒక బావికి కుదిరిన ద్రవం పక్క బావికి కుదరకపోవచ్చు. ముందుగా ఆ బావి మడ్డినే ప్రయోగశాలకు తెచ్చి కడిగిచూస్తారు.