స్వదేశీ కారు ఎవరికి కూడు పెడుతుంది?

డెట్రాయిట్ కార్ల కర్మాగారాల్లో ఉద్యోగాలు ఊడిపోతున్న కాలమది. తప్పంతా జపాను కార్లదేనన్న కోపం వీధుల్లో రగులుతూ ఉండేది. 1982 జూన్‌లో విన్సెంట్ చిన్ అనే 27 ఏళ్ళ యువకుణ్ణి, ఒక క్రైస్లర్ ఉద్యోగి, అతని సవతి కొడుకు కలిసి బేస్‌బాల్ బ్యాటుతో కొట్టగా, నాలుగు రోజులకు చనిపోయాడు. చిన్ పుట్టుక చైనాలో. జపానుతో అతనికి ఏ సంబంధమూ లేదు. హంతకులకు జైలు పడలేదు. మూడేళ్ళ ప్రొబేషన్, తలా 3000 డాలర్ల జరిమానా, అంతే!

నన్ను ఆలోచనలో పడవేసేది ఆ యేడాదే నవంబరులో జరిగిన సంగతి. ఒహాయోలోని మేరీస్‌విల్‌లో హోండా తొలి అకార్డ్ వెలువడింది. పేరు జపానుది, చెమట అమెరికా వారిది. ఆపైన, జనరల్ మోటార్స్ మూసివేసిన ఫ్రీమాంట్ కర్మాగారాన్ని 1984లో టొయోటాతో కలిసి తిరిగి తెరిచారు. పాత కార్మికులు చాలామంది మళ్ళీ పనిలో చేరారు. అక్కడ తయారైన షెవర్లే నోవా లోలోపల టొయోటా కొరొల్లాయే! మరి 2000లో వచ్చిన క్రైస్లర్ పీటీ క్రూయిజరో? అమెరికాలో అమ్మినవి మెక్సికోలోని టొలూకాలో తయారయ్యాయి.

అయినా డెట్రాయిట్ కార్మికుడి బాధను వట్టి భ్రమ అని నేను కొట్టిపారేయలేను. మేరీస్‌విల్‌లో యూనియన్ అడుగుపెట్టలేకపోయింది. అక్కడ పుట్టిన ఉద్యోగం డెట్రాయిట్‌లో వీధిన పడ్డవాడికి దక్కలేదు.

1992 నాటి చట్టం వల్ల అమెరికాలో ప్రతి కొత్త కారుకూ ఒక చీటీ అంటిస్తున్నారు. అందులో దేశీయ విడిభాగాల శాతం ఉంటుంది. కెనడా భాగాలు కూడా ఆ దేశీయ లెక్కలోనివే. కారును బిగించిన ఊరి పేరూ ఉంటుంది గానీ, బిగించినవారి కూలి మాత్రం ఆ శాతంలోకి రాదు.